చిటికెన వేలు మీద ఒక ఉపన్యాసం

నా జీవితంలో నేనిచ్చిన ఉపన్యాసం ఒక్కటే. అమెరికా ఆర్మీలో, చాపెల్ అనే చిన్న చర్చి వెనక హాల్లో, మధ్యాహ్న భోజనాలయ్యాక. విషయం: ఇండియాలో మగవాళ్ళు చేతులు పట్టుకుని నడవడం. అందరూ చప్పట్లు కొట్టారు. ఒక కెప్టెన్ గారి భార్య మిగిలిపోయిన నిమ్మకాయ స్వీటు, లెమన్ పై, నాకే కట్టి ఇచ్చింది. ఇంగ్లీషు ఎమ్మే చదివి, లెక్చరర్ అవుదామనుకుని ఎక్కడా కాలేకపోయినవాడికి అంతకంటే పెద్ద సభ మళ్ళీ దొరకలేదు.

ఎవరిని కాపాడదామని ఆ ఉపన్యాసం ఇచ్చానో అతను వెనక వరసలో కూర్చుని, నవ్వు బయటికి రాకుండా కాఫీ కప్పులోకి చూస్తూ ఉన్నాడు. అతను ఇప్పుడు లేడు. ఆర్కాన్సాలో, బెంటన్‌విల్‌కి కొంచెం అవతల, వాళ్ళ అమ్మగారి చర్చి వెనక సమాధి చేశారు. ఆ రోజు నన్ను అందరికీ 'ఆర్మీ ఫ్రెండ్' అని పరిచయం చేశారు. అబద్ధం కాదు గనక నేనూ తలూపాను. తలూపడంలో నాకు మంచి అనుభవం ఉంది.

నేను ఆర్మీలో ఎలా పడ్డానో ముందు చెప్పాలి. డెబ్బైల చివర్లో అక్క స్పాన్సర్ చేస్తే వచ్చాను. అక్క షామ్‌బర్గ్ దగ్గర ఒక ఆస్పత్రిలో నర్సు. మా నాన్న గుంటూరు వైపు ఒక పల్లెలో పాస్టరు. నాకు వచ్చిన పనులు రెండు: చదవడం, ఆదివారం చర్చిలో ప్రభువు బల్ల, అంటే విశ్వాసులకి పంచే రొట్టే ద్రాక్షరసమూ, సర్దడం. ఈ రెండింటికీ అక్క ఉన్న ఇల్లినాయిలో ఎవరూ జీతం ఇవ్వరని తొందరగానే తెలిసింది. మాల్‌లో బల్ల వేసుకుని కూర్చున్న ఆర్మీ రిక్రూటర్ మాత్రం అదే మాట విని సంతోషించాడు. చాప్లెయిన్‌కి అసిస్టెంట్ ఉద్యోగం ఉందన్నాడు. చాప్లెయిన్ అంటే యూనిఫాం వేసుకున్న పాస్టరు. చేరితే సిటిజన్‌షిప్ కూడా తొందరగా వస్తుందన్నాడు. అతను చెప్పనిది ఒకటుంది. చాప్లెయిన్ ఆయుధం పట్టకూడదు. యుద్ధమొస్తే రైఫిల్ పట్టుకుని ఆయన్ని కాపాడాల్సింది అసిస్టెంటే.

ఈ సంగతి ఫోన్లో చెబితే అక్క, "నువ్వు? పాస్టరు గారికి కాపలా? బల్లిని చూస్తే మంచమెక్కేవాడివి కదరా" అంది.

"ఇక్కడ బల్లులు లేవక్కా."

"రష్యా వాళ్ళున్నారుగా."

రష్యా వాళ్ళు రాలేదు. నా యుద్ధమంతా కుర్చీలతోనే. ఒకే చాపెల్‌ని అన్ని మతాల వాళ్ళూ వాడుకునేవారు. ఆదివారం పొద్దున కాథలిక్కుల పూజ కాగానే క్రీస్తు బొమ్మ ఉన్న సిలువ తీసి, ఖాళీ సిలువ పెట్టి, కుర్చీలు జరిపి ప్రొటెస్టెంట్లకి సిద్ధం చేయాలి. మధ్యలో ఉన్న కాస్త సమయంలో రొట్టె ముక్కలు చేసి, వేలెడు కూడా లేని చిన్న కప్పుల్లో ద్రాక్షరసం పొయ్యాలి. ఒలకకుండా పొయ్యడంలో ఆ ఆర్మీ పోస్టు మొత్తంలో నన్ను మించినవాడు లేడని నాకు గట్టి నమ్మకం. ఇంకెవరూ ఆ పోటీలో లేరు.

అతను అక్కడే పరిచయమయ్యాడు. మెడిక్‌గా, సైనికులకి ప్రథమ చికిత్స చేసే పనిలో ఉండేవాడు, చాపెల్ క్వయర్‌లో పాడేవాడు. పాట ప్రాక్టీసుకి ముందే వచ్చి నాతో పాటు కుర్చీలు మోసేవాడు. ఆర్మీలో టైం అయిపోయాక, వాళ్ళ ఖర్చుతోనే నర్సింగ్ చదవాలని అతని ప్లాన్. కానీ మనసులో ఉన్న కోరిక అది కాదు. ఒకరోజు కప్పులు తుడుస్తూ మామూలుగా, టీ తాగుతావా అని అడిగినట్టుగా చెప్పాడు.

"చిన్నప్పట్నుంచీ బల్ల తీసుకుంటున్నాను. నేనేంటో దేవుడికి తెలుసు. ఇచ్చే పాస్టరుకే తెలీదు. తెలిసిన మనిషి చేత్తో ఒక్కసారి తీసుకోవాలి. అంతే."

నేను ఏమీ తెలియనట్టు, "తెలియడానికేముంది?" అన్నాను.

"నీకు తెలీదా?"

తెలుసు. మేమిద్దరం ఒకరినొకరు ఇష్టపడ్డాం. ఇంతకంటే పెంచి రాయడం నాకు చేతకాదు.

అయితే దాన్ని బయటపెట్టింది నేనే, నా చిటికెన వేలు. మా కాలేజీలో స్నేహితులు కబుర్లు చెప్పుకుంటూ నడిచేటప్పుడు చిటికెన వేళ్ళు కలుపుకుని నడిచేవారు. అందులో ఏమీ ఉండేది కాదు. నేనూ ఒకసారి మెస్ నుంచి చాపెల్‌కి వస్తూ, నేను చదువుతున్న నవలలో ఎవరు ఎవర్ని మోసం చేశారో అతనికి వివరిస్తూ, మాటల్లో పడి అతని వేలు పట్టుకున్నాను. అతను ఆగిపోయాడు. నా వేలు వంక చూసి, వదిలించుకోకుండా నడిచాడు. ఆ మొదటిసారి నిజంగా అలవాటే. రెండోసారి మాత్రం అలవాటులాగే కనిపించే ఇంకేదో. ఎక్కడ మా ఊరు ఆగి ఎక్కడ నేను మొదలయ్యానో అప్పుడూ చెప్పలేకపోయాను, ఇప్పుడూ చెప్పలేను.

ఆ రెండోసారే మా ఫస్ట్ సార్జెంట్ జీపులోంచి చూశాడు.

ఆ రోజుల్లో అలాంటి మాట పైకి పోతే ఏమవుతుందో అందరికీ తెలుసు. ఆర్మీలోంచి తీసేస్తారు. డిశ్చార్జి కాగితం మీద రాసే మాట ప్రతి ఉద్యోగానికీ మనిషి వెంట వస్తుంది. ఫస్ట్ సార్జెంట్ చెడ్డవాడు కాదు, లేదా రాతపని అంటే బద్ధకం. "మీ వాడి సంగతి మీరే తేల్చండి" అని చాప్లెయిన్ గారికి అప్పగించాడు.

చాప్లెయిన్ గారిది అయోవా. పెద్ద మనిషి, భారీ శరీరం, వియత్నాంలో పాడైన మోకాలు. సైనికుల పిల్లల పుట్టినరోజులు గుర్తుపెట్టుకునేవారు. నన్ను పిలిచి తలుపు వేసి, కళ్ళద్దాలు తుడవడం మొదలుపెట్టారు. కష్టమైన మాట చెప్పాల్సి వస్తే ఆయన ముందు అద్దాలు తుడుస్తారు.

"నువ్వూ ఆ మెడిక్కూ చేతులు పట్టుకుని నడుస్తుంటే చూశారట."

"చేతులు కాదు సార్. చిటికెన వేళ్ళు."

"తేడా ఏంటి?"

ఆ ప్రశ్న ఆయన అడగాల్సింది కాదు. ఎమ్మేలో నాకెవరూ అంత మంచి ప్రశ్న వెయ్యలేదు. మొదలుపెట్టాను. మా దేశంలో రైల్వే ప్లాట్‌ఫారాల మీద, సినిమా హాళ్ళ ముందు, కాలేజీ వరండాల్లో మగవాళ్ళు ఎలా నడుస్తారో చెప్పాను. కానిస్టేబుళ్ళు డ్యూటీలో ఎలా నడుస్తారో చెప్పాను. మా ప్రిన్సిపాల్ గారు తనకి ఏమాత్రం పడని వైస్ ప్రిన్సిపాల్ గారి వేలు పట్టుకుని కాలేజీ చుట్టూ ఎలా తిరిగేవారో చెప్పాను. నేను చెబుతున్నకొద్దీ ఆయన మొహం తేలికపడింది. చివరికి ఆయనే, "కడరాత్రి భోజనం దగ్గర శిష్యుడు ప్రభువు రొమ్మున ఆనుకున్నాడు. ఆ దేశాల్లో అలాగే ఉంటుంది" అని నాకు తోచని పాయింటు కూడా అందించారు.

"ఈ సంగతి అందరికీ తెలియాలి, స్పెషలిస్ట్. వచ్చే ఆదివారం లంచ్ తర్వాత మాట్లాడు."

స్పెషలిస్ట్ అన్నది నా ర్యాంకు. ఏ విషయంలో స్పెషలిస్టునో ఆ ఆదివారం తేలింది. మాటలతో సరిపెట్టుకోకుండా, చూపించాలన్న ఉత్సాహంలో చాప్లెయిన్ గారినే ముందుకి పిలిచి, ఆయన చిటికెన వేలు పట్టుకుని హాలు ఈ చివర నుంచి ఆ చివరికి నడిపించాను. ఆయన ఎర్రబడ్డారు, కానీ నడిచారు. జనం నవ్వి, చప్పట్లు కొట్టారు. లెమన్ పై సంగతి ముందే చెప్పాను.

సాయంత్రం కుర్చీలు మడతపెడుతూ అతను, "చాలా బాగా చెప్పావు. నేనే నమ్మేశాను" అన్నాడు.

"అయితే రేపు ఆయన నిన్ను పిలిచినప్పుడు అదే చెప్పు. ఇండియన్ వాడు గదా, బాధపడతాడని పట్టుకోనిచ్చాను అను. అయిపోతుంది."

"అయిపోతుంది. ఆదివారం బల్ల దగ్గర?"

"బల్ల దగ్గర ఏముంది?"

"ఆ అబద్ధం ఎవరికి చెప్పానో ఆ మనిషి చేత్తోనే తీసుకోవాలి కదా."

"ఇన్నాళ్ళూ తీసుకున్నావుగా."

"ఇన్నాళ్ళూ ఎవరూ అడగలేదు."

నేను ఇంకా చాలా చెప్పాను. చదువుకున్నవాణ్ణి కదా, చెప్పడానికి ఎప్పుడూ ఉంటుంది. అతను వింటూ కుర్చీలన్నీ మడతపెట్టేశాడు. నేను ఒక్కటీ మడవలేదు.

మర్నాడు అతను చాప్లెయిన్ గారికి ఉన్నది ఉన్నట్టు చెప్పాడు. నా పేరు ఎత్తకుండా, తన గురించే. చాప్లెయిన్‌తో ఒప్పుకున్న మాట ఆయన ఎవరికీ చెప్పకూడదు. అది ఆర్మీ రూలు కూడా. ఆయన చెప్పలేదు. ఆ విషయంలో ఆయన్ని ఎవరూ వేలెత్తి చూపలేరు. అతనికి మాత్రం మూడు మాటలు చెప్పారట. ప్రార్థన చేసుకో, మంచి అమ్మాయిని చూసి పెళ్ళి చేసుకో. పశ్చాత్తాపపడేదాకా బల్ల దగ్గరికి రాకు. నిజాయితీ ఉన్న క్రైస్తవుడైతే ఎవరో బయటపెట్టేదాకా ఆగడు, తనే కమాండర్ దగ్గరికి వెళతాడు.

పోస్టులో ఎవర్ని అడిగినా ఇలాంటి కథ ఒకటి చెప్పేవారు. కొందరు చాప్లెయిన్లు నేరుగా పైకి చెప్పేసేవారట. కొందరు సైకియాట్రిస్టు దగ్గరికి పంపేవారట. మా చాప్లెయిన్ గారు వాళ్ళందరికంటే మంచివారు. మనిషి తన కాళ్ళ మీద తనే నడిచి వెళ్ళేలా చేశారు.

కొన్ని వారాలు అతను వెళ్ళలేదు. చాపెల్‌కి వచ్చేవాడు, పాడేవాడు, అందరూ లేచి బల్ల దగ్గరికి వెళుతుంటే కూర్చుని ఉండేవాడు. నేను ప్రతి ఆదివారం అతని కప్పు కూడా పోసేవాణ్ణి. లేచి వస్తాడేమోనని. రాకపోతే ఆ కప్పు పారబొయ్యకూడదని నాన్న నేర్పారు, అందుకని వెనక గదిలోకి తీసుకెళ్ళి నేనే తాగేవాణ్ణి. నా నిరసన మొత్తం అదే. ఒక గుక్క ద్రాక్షరసం, అదీ రెండోసారి.

తర్వాత ఒకరోజు అతను వెళ్ళి కెప్టెన్‌కి చెప్పేశాడు. ఎంక్వయిరీలో ఇంకెవరు, ఇంకెవరు అని గుచ్చి గుచ్చి అడిగారట. చాపెల్‌లో పనిచేసే ఆ ఇండియన్ సంగతేంటి అన్నారట. అతను, "అది వాళ్ళ కల్చర్ సార్. లెక్చర్ మీరూ విన్నారుగా" అన్నాడట. ఆ కెప్టెన్ గారి భార్యే నాకు లెమన్ పై కట్టి ఇచ్చింది. ఆయన ఒప్పుకున్నాడు.

అతన్ని కాపాడటానికి తయారుచేసిన ఉపన్యాసం అతన్ని తప్ప అందర్నీ కాపాడింది. ఫస్ట్ సార్జెంట్‌ని రాతపని నుంచి, చాప్లెయిన్ గారిని నన్ను పోగొట్టుకోవడం నుంచి, నన్ను మొత్తంగా.

బస్‌స్టేషన్‌కి మేమే దిగబెట్టాం. జీపు నేను నడిపాను, పక్కన చాప్లెయిన్ గారు, వెనక సీట్లో బ్యాగుతో అతను. దిగేటప్పుడు చాప్లెయిన్ గారు జేబులోంచి చిన్న బైబిలు తీసి ఇవ్వబోయారు.

"నా దగ్గరుంది సార్."

"ఇంకోటి ఉండనీ."

"మీరు చెప్పినట్టే చేశాను సార్. కమాండర్ దగ్గరికి వెళ్ళాను. ఇప్పుడు బల్లకి రావచ్చా?"

ఎగతాళి కాదు. నిజంగానే అడిగాడు. చాప్లెయిన్ గారు అద్దాలు తీసి తుడిచారు. బస్సు వచ్చింది.

తిరుగు దారిలో, "నేనెవరికీ చెప్పలేదు. అది నీకు తెలియాలి" అన్నారు.

"తెలుసు సార్" అన్నాను. రైఫిల్ పట్టుకుని ఆయన్ని కాపాడే ఉద్యోగం నాది. ఆ రోజు ఆయనకి ఆ మాటే కాపలా అనిపించింది, ఇచ్చాను.

నా టైం అయిపోయాక షామ్‌బర్గ్ దగ్గరికే వచ్చి లైబ్రరీలో పుస్తకాలు సర్దే పనిలో చేరాను. కుర్చీల నుంచి పుస్తకాలకి ప్రమోషన్. అతనూ వచ్చాడు. ఆర్మీ డబ్బు రాదు గనక నర్సింగ్ చదువు కుదరలేదు. డిశ్చార్జి కాగితం పెద్దగా పట్టించుకోని ఒక వృద్ధుల నర్సింగ్ హోంలో అక్క పని చూసిపెట్టింది, ముసలివాళ్ళకి స్నానాలు చేయించే పని. ఒకే అపార్ట్‌మెంట్‌లో ఉన్నాం. అక్క వచ్చినప్పుడల్లా కూరలు తెచ్చి ఫ్రిజ్‌లో పెడుతూ మా ఇద్దరి వంకా చూసేది.

"అతను నీకేమవుతాడురా?"

"ఫ్రెండ్ అక్కా. రూమ్మేట్."

"రూమ్మేట్‌కి పప్పన్నంలో నెయ్యి వేసి కలిపి పెడతారా?"

"అతనికి కలుపుకోవడం రాదు."

"నీకు జడ వేసుకోవడం రాదు. నేను వేశానా?" అని, ఆ తర్వాత ఎప్పుడూ అడగలేదు. మా వైపు మనిషికి ఏదో ఒక వరస ఉండాలి. అక్క కొన్నాళ్ళు ఆలోచించి అతన్ని 'తమ్ముడూ' అనడం మొదలుపెట్టింది. లెక్క ప్రకారం అది కుదరదు. ఎవరూ లెక్క చూడలేదు.

ఎనభైల మధ్యలో అతనికి ఎయిడ్స్ వచ్చింది. అక్క అందరికంటే ముందు గుర్తుపట్టింది, అందరికంటే ఆఖర్న పైకి అంది. చివరి చలికాలం అతను ఆస్పత్రిలోనే ఉన్నాడు. మేం వెళ్ళే చర్చి పాస్టరు గుమ్మం దాకా వచ్చి, అక్కడి నుంచే ప్రార్థన చేసి వెళ్ళాడు. మంచి గొంతు, బాగానే వినపడింది.

ఆ మధ్యాహ్నం అతను, "మన చాప్లెయిన్‌కి ఫోన్ చెయ్యి" అన్నాడు.

"ఆయనే ఎందుకు? చుట్టూ ఇన్ని చర్చిలున్నాయి."

"ఆయనకి తెలుసు గనక. ఇంకెవరికైనా మళ్ళీ మొదట్నుంచీ చెప్పాలి. నాకు అంత ఊపిరి లేదు."

చాప్లెయిన్ గారు రిటైరై అయోవాలో ఉంటున్నారు. నేను పేరు చెప్పగానే గుర్తుపట్టారు. సంగతి చెప్పాక అవతల ఫోను పక్కన పెట్టిన చప్పుడు వినపడింది. అద్దాలు తుడుస్తున్నారని నాకు తెలుసు. తర్వాత, "ఏ ఆస్పత్రి?" అన్నారు.

మంచులో కారు వేసుకుని ఒక్కరే వచ్చారు. బల్ల సామాను లేదు. రిటైరయ్యేటప్పుడు పెట్టెతో సహా ఇచ్చేశారట. నేను కింద కాఫెటేరియాకి వెళ్ళాను. ద్రాక్షరసం లేదు. ఆపిల్ జ్యూస్, ఉప్పు బిస్కట్ల ప్యాకెట్ దొరికాయి, మందులు పోసే ప్లాస్టిక్ కప్పులు నర్సుని అడిగి తీసుకున్నాను. పాస్టరు గారబ్బాయిని గదా, వచ్చీరాగానే, "ఆపిల్ జ్యూస్‌తో చెల్లుతుందా సార్?" అన్నాను.

మంచం మీంచి అతను, "ఉపన్యాసం తర్వాత ఇద్దువుగాని" అన్నాడు.

గుమ్మం దగ్గర నర్సు ఇచ్చిన మాస్కూ, గ్లౌజులూ చాప్లెయిన్ గారు వేసుకున్నారు. మంచం పక్కన కూర్చుని, పాత పద్ధతి ప్రకారం అడిగారు.

"పశ్చాత్తాపపడాల్సినవి ఏమైనా ఉన్నాయా?"

"చాలా ఉన్నాయి సార్. మా అమ్మతో చెడ్డగా మాట్లాడాను. నర్సింగ్ హోంలో ఒక ముసలాయన్ని ఒకసారి విసుక్కున్నాను. ఆయన మర్నాడే పోయాడు." కాసేపు ఊపిరి తీసుకున్నాడు. "మీరు అడుగుతున్నది మాత్రం వాటిల్లో లేదు."

 చాప్లెయిన్ గారు అద్దాలు తీశారు. గ్లౌజులతో తుడవడం కుదరక మళ్ళీ పెట్టుకున్నారు. ఆయన లేచి వెళ్ళిపోతారనుకున్నాను. వెళ్ళిపోతే కారు దాకా దిగబెట్టాలా వద్దా అని ఆలోచిస్తున్నాను. నా బుర్ర అలాంటి సమయాల్లో అలాగే పనిచేస్తుంది.

"స్పెషలిస్ట్," అన్నారు ఆయన. "బల్ల సర్దు."

నేను ఆర్మీ వదిలేసి ఏళ్ళు గడిచాయి. అయినా ఠక్కున నిటారుగా నిలబడ్డాను. ఆ ఊపులో ఒక కప్పు ఒలికింది. నా జీవితంలో ఒలికిన మొదటి కప్పు. ఆయన బిస్కట్ ప్యాకెట్ విప్పబోయారు, గ్లౌజులతో పట్టు దొరకలేదు. రెండుసార్లు ప్రయత్నించి, గ్లౌజులు తీసి పక్కన పెట్టారు. వట్టి చేత్తో ప్యాకెట్ చించి, బిస్కట్ విరిచి, బల్ల దగ్గర చెప్పే మాటలు చెప్పి, అతని నోట్లో పెట్టారు. కప్పు కూడా ఆయనే పట్టుకుని తాగించారు.

అతను మింగి, కళ్ళు మూసుకుని, "స్కూల్లో పెట్టే లంచ్‌లా ఉంది" అన్నాడు. ఆ తర్వాత నిద్రపోయాడు.

కారు దాకా దిగబెట్టడానికి వెళ్ళాను. పార్కింగ్ లాట్ పొడుగునా మంచు గడ్డకట్టి ఉంది. తలుపు పక్కన ఇద్దరు నర్సులు సిగరెట్లు కాలుస్తూ నిలబడ్డారు.

"దీన్నిబట్టి నేను మారిపోయాననుకోకు," అన్నారు చాప్లెయిన్ గారు.

"అనుకోను సార్."

"బైబిల్లో రాసి ఉన్నది రాసే ఉంది."

"ఉంది సార్."

నాలుగడుగులు నడిచాక ఆయన నా చిటికెన వేలు పట్టుకున్నారు. "మీ వైపు ఇలాగే కదా," అన్నారు, పాఠం సరిగ్గా అప్పజెప్పానా అన్నట్టుగా. నర్సులు మాట్లాడటం ఆపి మా వంక చూశారు. ఆయనకి అది కనిపించలేదు, లేక కనిపించినా మా ఆచారం మీద గౌరవంతో పట్టించుకోలేదు. అన్నేళ్ళ కిందటి నా ఉపన్యాసాన్ని అంత శ్రద్ధగా విన్నవాడు ఇంకొకడు లేడు.

"సార్, ఆ రోజు నేను చెప్పిందంతా నిజమే," అన్నాను. "మా ఇద్దరి విషయంలో మాత్రం కాదు."

ఆయన ఆగారు. వేలు వదులైంది. ఏమంటారోనని చూస్తున్నాను. అడుగు వెయ్యబోతే మంచు మీద కాలు జారింది, ఆ పాడు మోకాలు మెలిపడింది. ఈసారి నా చెయ్యి మొత్తం గట్టిగా పట్టుకున్నారు. అలాగే నడిచాం.

ఆయన కారు దగ్గర మంచు కరగడానికి ఎవరో ముందే ఉప్పు చల్లి ఉంచారు. నేల పొడిగా ఉంది, జారే భయం లేదు. తాళాలు ఆయన కోటు కుడి జేబులో ఉన్నాయి. నా చెయ్యి ఇంకా ఆయన కుడి చేతిలోనే ఉంది. ఎడమ చెయ్యి పొట్ట మీదుగా తిప్పి, ఆ జేబులో చాలాసేపు వెతుక్కున్నారు. తాళాలు తీసి ఇవ్వడం అసిస్టెంట్‌గా నా పని. అది నాకు తోచలేదు.